గీసిన బొమ్మ - విమర్శకుల తీర్పు

బాలుడు కాగితముపై గీసిన బొమ్మ కదలదు. అట్టి బొమ్మనే పరుగెత్తించి, గోతులు దాటించు వీడియో ఆట యొకటి 2007లో అమెరికాలో వెలువడినది. దాని పేరు 'డ్రాన్ టు లైఫ్'. ఫిఫ్త్ సెల్ సంస్థ దానిని రూపొందించగా టి.హెచ్.క్యూ. సంస్థ ప్రచురించినది.

ఇది నింటెండో డి.యస్. అను, చేతిలో ఇముడు యంత్రము కొరకు తయారైనది. ఆ యంత్రమునకు రెండు తెరలు కలవు. క్రింది తెరలో విద్యుద్వాహకములైన రెండు పలుచని పొరలుండును. కలమువంటి పుల్లతో నొక్కినచోట అవి ఒకదానినొకటి తాకును. అచ్చటి వోల్టేజినిబట్టి యంత్రము ఆ స్థానమును గుర్తించును. ఆటగాడు తల, మొండెము, కాళ్ళు, చేతులు విడివిడిగా చిత్రించును. తోలుబొమ్మ అవయవములవలె వాటిని యంత్రము ఆడించును.

తాను గీసిన రూపమే కథానాయకుడగుటను, మేఘములు, ఆయుధములు సైతము తానే చిత్రించుటను విమర్శకులు పెక్కురు మెచ్చుకొనిరి. అయితే గెంతుట, తప్పిపోయిన గ్రామస్థులను వెదకుట మాటిమాటికి వచ్చుచున్నవనియు, ఆటలో కొత్తదనము చాలదనియు పలువురు ఆక్షేపించిరి.

ఈ ఆక్షేపణకు మూలమేమి? చిత్రము రూపమును మార్చును గాని ఆట నియమములను మార్చదు. అందముగా గీసినను, వంకరగా గీసినను వీరుని గెంతు నిర్మాతలు నిర్ణయించినదే. కల్పనకు చోటిచ్చుట ఒకటి. ఆ కల్పన ఫలితమును మార్చునట్లు చేయుట మరొకటి.

అదే సంస్థ 2009లో రూపొందించిన 'స్క్రిబుల్‌నాట్స్' అను ఆటలో, ఆటగాడు పేరు వ్రాసిన వస్తువు ప్రత్యక్షమగును. నిచ్చెన కోరినచో ఒక మార్గము, తాడు కోరినచో వేరొక మార్గము ఏర్పడును. ఇచ్చట ఆటగాని ఊహయే ఆట నడకను నిర్ణయించును.