ఆగి సాగే ప్రయాణంలో రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్: శ్రీహరికోట దారి నేపథ్యంలో వివరణ

సారాంశం: రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రద్దీలో ఎందుకు వేడెక్కుతుందో, డ్రైవర్ల వాడుకలోని ‘హాఫ్ క్లచ్’ అనే మాట ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: గేర్‌బాక్స్, హాఫ్ క్లచ్, శ్రీహరికోట, వాడుక పదజాలం.

1. ఉపోద్ఘాతం:

తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న దీవి. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వేసిన రోడ్డు గుండా అక్కడికి చేరుకోవాలి. 1971 అక్టోబరు 9న రోహిణి రాకెట్ ఎగిరిన ఈ కేంద్రంలో, ప్రయోగాలను ప్రజలు చూడటానికి 2019లో గ్యాలరీ ఏర్పాటైంది. సందర్శకులు వేర్వేరు వేళల్లో వచ్చినా, రాకెట్ కనుమరుగైన తర్వాత అందరూ ఒకేసారి తిరుగు ప్రయాణమవుతారు. అప్పుడు కార్లు అడుగు కదలడం, ఆగడం తప్పదు. ఈ గేర్‌బాక్స్‌కు కఠినమైన పరీక్ష అదే.

2. నిర్మాణం:

ఈ గేర్‌బాక్స్‌లో 1, 3, 5 వంటి బేసి గేర్లకు ఒక క్లచ్, 2, 4, 6 వంటి సరి గేర్లకు మరొక క్లచ్ ఉంటాయి. ఒక గేరులో కారు నడుస్తుండగానే తరువాతి గేరు సిద్ధమవుతుంది. ఒక క్లచ్ విడుస్తుండగా రెండవది పట్టుకుంటుంది. కనుక గేరు మారినట్టే తెలియదు. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో ఈ విధానం సాధారణ కార్లలోకి వచ్చింది. వీటిలో పొడి క్లచ్, నూనెలో తడిసే క్లచ్ అని రెండు రకాలున్నాయి. పొడి క్లచ్‌కు గాలి ఒక్కటే చల్లదనం. తడి క్లచ్ వేడిని నూనె మోసుకుపోతుంది.

3. సమస్య మూలం:

ఇంజిన్ కనీస వేగంతో తిరుగుతున్నప్పుడు మొదటి గేరులో కారు సాగే వేగం ఒకటుంటుంది. కారు అంతకంటే నెమ్మదిగా కదలాలంటే క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా జారుతూ ఉండాలి. డ్రైవర్లు ‘హాఫ్ క్లచ్’ అనేది దీనినే. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ కార్లలో ఈ జారుడును ద్రవం భరిస్తుంది. రెండు క్లచ్‌ల పద్ధతిలో రాపిడి పలకలే భరించాలి. ఆ రాపిడి వేడిగా మారుతుంది, పలకలు అరుగుతాయి. పైగా రద్దీలో ఒకటి, రెండు గేర్ల మధ్య ఊగిసలాట వల్ల కుదుపులు వస్తాయి.

4. పాటించవలసిన పద్ధతులు:

ముందు కారు జానెడు కదలగానే కదలకుండా, కొంత ఖాళీ ఏర్పడేవరకు ఆగాలి. తరువాత బ్రేకు పూర్తిగా వదిలి, క్లచ్ గట్టిగా పట్టుకునే వేగంతో సాగి, మళ్లీ పూర్తిగా ఆపాలి. ఎత్తు మీద కారును యాక్సిలరేటరుతో నిలపరాదు, బ్రేకుతోనే నిలపాలి. బ్రేకు గట్టిగా నొక్కి ఉంచితే చాలా కార్లలో క్లచ్ దానంతటదే విడిపోతుంది. కనుక క్షణకాలపు ఆగుడుకు న్యూట్రల్ అవసరం లేదు. వేడి హెచ్చరిక కనిపిస్తే సురక్షితమైన చోట ఆపి, పార్క్‌లో ఉంచి చల్లబడనివ్వాలి.

5. ముగింపు:

‘ఆటోమేటిక్’ అనే పేరు క్లచ్ లేదనే భ్రమను కలిగిస్తుంది. నిజానికి పోయింది పెడల్ మాత్రమే, క్లచ్ కాదు. హాఫ్ క్లచ్‌లో నడపకూడదని పాత డ్రైవర్లు చెప్పే మాట ఈ కొత్త యంత్రానికీ వర్తిస్తుంది. సాంకేతిక విషయాలను తెలుగులో వివరించేటప్పుడు కొత్త అనువాద పదాలను కల్పించే ముందు, వృత్తిలో ఉన్నవారి నోట నిలిచిన ఇటువంటి మాటలను పరిశీలించడం అవసరం. యంత్రం లోపల జరిగే పనిని ఆ మాట ముందే గుర్తించి ఉండవచ్చు.