లారీ కనుమ దిగునప్పుడు గేరు చేయు పని

మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు మొన్న తెలుగు పాఠము ముగిసిన పిమ్మట నా యొద్దకు వచ్చి, "అయ్యా! మా నాయన నడిపే కొత్త లారీకి క్లచ్చి పెడలు లేదు. గేర్లు వాటంతట అవే మారతాయంట. మరి తొప్పూరు ఘాటులో దిగేటప్పుడు గేరు తగ్గించేదెట్లా?" అని యడిగెను. ప్రశ్న వ్యాకరణమునకు సంబంధించినది కాదు. అయినను బాలుని ముఖమున నున్నది వట్టి కుతూహలము కాదని నాకు తోచినది. భౌతికశాస్త్రోపాధ్యాయులను, లారీలు నడుపు తల్లిదండ్రులను విచారించి, కొంత చదివి, నేను గ్రహించినదానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

తొప్పూరు మన ప్రాంతమువారికి క్రొత్త కాదు. శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురము, బెంగుళూరుల మీదుగా హోసూరు చేరి, కృష్ణగిరి, ధర్మపురి దాటి సేలమునకు పోవుచున్నది. ధర్మపురికిని సేలమునకును నడుమ నున్నదే తొప్పూరు కనుమ. తమిళులు కణవాయి యందురు. మనము కనుమ యందుము. సేలము వైపు పోవు బండ్లకు ఇది దిగుడు. బరువుతో వచ్చు లారీలు అదుపు తప్పి ముందరి బండ్ల వరుసపైకి దూసికొనిపోయిన వార్తలను 2020 డిసెంబరులోను, 2024 జనవరిలోను మనము పత్రికలలో చదివితిమి. ఆంధ్రదేశమునుండి దక్షిణమునకు సరకు కొనిపోవు లారీలలో అనేకము ఈ దారినే నడచును.

ఇచ్చట మొదట ఒక లెక్క చేయవలెను. సరకుతో కలిసి 25 టన్నుల బరువుగల లారీ 100 మీటర్ల ఎత్తు దిగినదనుకొందము. పై తరగతులవారు ఎఱిగిన సూత్రము ప్రకారము 25,000 కిలోలను 9.8 చేతను, 100 చేతను హెచ్చించినచో 2,45,00,000 జౌళ్లు వచ్చును. లారీ వేగము పెరుగకుండ దిగవలెనన్న ఈ శక్తి యంతయు ఎచ్చటనో వేడిగా మారి తీరవలెను. 25 డిగ్రీల నీటిని మరుగు స్థితికి తెచ్చుటకు లీటరునకు 3,15,000 జౌళ్లు పట్టును. కాగా పై శక్తితో సుమారు 78 లీటర్ల నీటిని మరిగింపవచ్చును. మన మధ్యాహ్న భోజనపు వంటశాలలో అంత నీరు కాగుటకు ఎంతసేపు పట్టునో పిల్లలకు తెలియును. గాలియు, టైర్ల రాపిడియు ఇందులో కొంత భాగమును మాత్రమే హరించును. మిగిలినదంతయు బ్రేకులే భరింపవలసి వచ్చినచో ఏమగును?

లారీ చక్రమున సాధారణముగా ఇనుప డ్రమ్ము ఉండును. పెడలు త్రొక్కినప్పుడు లైనరు అంటించిన షూలు డ్రమ్మును లోపలినుండి ఒరసికొని దాని వేగమును తగ్గించును. వేడి మితిమీరినచో లైనరునకు పట్టు తగ్గును. డ్రమ్ము వ్యాకోచించి లైనరునుండి దూరముగా జరుగును. అప్పుడు డ్రైవరు ఎంత బలముగా త్రొక్కినను బండి వేగము తగ్గదు. విశేషమేమన, డ్రమ్ము చల్లారిన తరువాత చూచిన మెకానిక్కునకు ఆ బ్రేకునందు ఏ లోపమును కనబడకపోవచ్చును.

కావున ఈ బరువులో అధిక భాగమును ఇంజనుచేత మోయింపవలెను. గేరులో నున్న లారీ దిగునప్పుడు ఇంజను చక్రములను త్రిప్పదు, చక్రములే ఇంజనును త్రిప్పును. ఆక్సిలరేటరునుండి కాలు తీసినందున ఇంధనము మండదు. పిస్టన్ల రాపిడి, గాలిని లోనికి లాగి బయటకు నెట్టు శ్రమ చక్రములకు అడ్డుపడును. పై గేరులో చక్రము ఒకసారి తిరుగునప్పుడు ఇంజను 6 సారులు తిరుగుననుకొనుడు. క్రింది గేరులో 18 సారులు తిరుగవచ్చును. త్రిప్పవలసిన చుట్లు పెరిగినకొలది అడ్డగింపు పెరుగును. గేరు తగ్గించుటలోని రహస్యమిదియే. ఇట్లు పుట్టిన వేడి బ్రేకులకు పోక రేడియేటరు ద్వారా, పొగగొట్టము ద్వారా గాలిలో కలిసిపోవును.

డీజిలు ఇంజనులో ఒక చిక్కు గలదు. అందు నొక్కబడిన గాలి స్ప్రింగువలె పిస్టనును తిరిగి తోయును కనుక సహజమైన అడ్డగింపు కొంత తక్కువ. ఈ సంగతిని ప్రాణాపాయము మీద తెలిసికొన్నవాడు అమెరికాలో డీజిలు ఇంజనుల నిర్మాత క్లెస్సీ కమ్మిన్స్. 1931లో ఆయన న్యూయార్కునుండి లాస్ ఏంజలీసునకు డీజిలు లారీలో పోవుచు, కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగునప్పుడు బ్రేకులు పట్టలేదు. క్రింద రైలు పట్టాలపై గూడ్సు బండి అడ్డముగా పోవుచుండెను. దాని చివరి పెట్టె తొలగిన మరుక్షణమే లారీ పట్టాలు దాటినదట! ఆయన ఆ దినమును మరువలేదు. పిస్టను గాలిని నొక్కి ముగించు క్షణమున పొగ వాల్వును తెరచి, ఆ గాలి తిరిగి తోయకుండ వెలుపలికి విడిచిపెట్టు ఉపాయమును ఆయన చాల యేండ్ల తరువాత కనిపెట్టెను. జేకబ్స్ కంపెనీవారు దానిని 1961లో విక్రయమునకు తెచ్చిరి. మన లారీలలో తఱచుగా కానవచ్చునది ఇంకొకటి, పొగగొట్టమును ఒక రేకుతో మూసి ఇంజనును అడ్డగించు ఎగ్జాస్టు బ్రేకు.

ఇక డీజిలు మిగులునని కనుమలో న్యూట్రలులో దిగు అలవాటు. కంప్యూటరు గల నేటి ఇంజనులలో ఇది తప్పు లెక్క. బండి గేరులో దిగుచు, ఆక్సిలరేటరుపై కాలు లేనప్పుడు ఆ కంప్యూటరు ఇంధనమును పూర్తిగా ఆపివేయును. న్యూట్రలులో నైతే ఇంజను ఆగిపోకుండ కొంత డీజిలు మండుచునే యుండవలెను. మిగులుననుకొన్నదే ఖర్చగుచున్నది! కొందరు ఇంజనునే ఆపివేయుదురు. అది మరింత సాహసము. ఏలయన బ్రేకులకు గాలి నింపు కంప్రెసరు ఆగిపోవును, స్టీరింగునకు సహాయమును పోవును.

ఇప్పుడు బాలుని ప్రశ్నకు వచ్చెదను. క్లచ్చి పెడలు లేని గేరుపెట్టెలు ముఖ్యముగా రెండు విధములు. ఒకదానిలో మామూలు క్లచ్చియు, మామూలు గేర్లును ఉండును; వానిని మనిషికి బదులు యంత్రము కదల్చును. మన లారీలలో వచ్చుచున్నది ఎక్కువగా ఇదియే. రెండవదానిలో ఎదురెదురుగా నుండు రెండు రెక్కల చక్రములు నూనెలో తిరుగుచు, ఒకదాని వేగమును మరియొకదానికి అందించును. నూనెతో పనిచేయు స్వయంచాలక గేరుపెట్టెను జనరల్ మోటార్స్‌వారు హైడ్రామాటిక్ అను పేర 1939లో ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైలు కార్లలో అమర్చిరి. (గేరు అను మాటకు దంతచక్రమని నిఘంటువులు చెప్పవచ్చును, కాని గేరు మన పల్లెలలో ముసలమ్మలకును తెలిసిన మాట, దానినట్లే ఉంచితిని.)

రెండు విధములందును ఒక బలహీనత గలదు. యంత్రము రోడ్డును చూడదు. కాలు తీసితిమి, వేగము పెరుగుచున్నది. ఇంజనునకు శ్రమ లేదని యెంచి అది పై గేరునకు పోవచ్చును. మనకు కావలసినది దానికి సరిగా విరుద్ధము. వాలును గుర్తించు నేర్పు కొన్ని క్రొత్త బండ్లకు వచ్చినది గాని అన్నింటికిని లేదు. అందుచేత డ్రైవరే మీటను చేతి గేరు స్థానమునకు, అనగా 'ఎం' అను అక్షరము వద్దకు జరిపి, మైనసు గుర్తు వైపు నొక్కి, ఒక్కొక్క గేరునే తగ్గింపవలెను. కొన్ని బండ్లలో 3, 2, 'ఎల్' అను స్థానములే యుండును.

ఇది దిగుడు మొదలగుటకు ముందే జరుగవలెను. వేగము హెచ్చిన తరువాత క్రింది గేరు కోరినచో ఇంజను హద్దుమీరి తిరుగునని యంత్రము ఆజ్ఞను త్రోసిపుచ్చును. అంతేకాదు, చేతి గేరులో నున్నను ఇంజను వేగము ఎఱ్ఱ గీతను దాటినచో తన్ను కాపాడుకొనుటకు కొన్ని యంత్రములు తామే పై గేరునకు మారును. అప్పుడు పట్టు ఒక్కసారిగా సడలును. కావున గేరు తగ్గించితిమని నిశ్చింతగా ఉండరాదు. వేగము హద్దు చేరినప్పుడు బ్రేకును గట్టిగా త్రొక్కి, గంటకు 8 కిలోమీటర్ల మేర తగ్గించి, పూర్తిగా వదలివేయవలెను. మరల పెరిగినప్పుడు మరల త్రొక్కవలెను. కాలు ఎడతెగక బ్రేకుపై నుంచినచో డ్రమ్మునకు చల్లారు వ్యవధి దొరకదు. వాన కురిసి రోడ్డు తడిసియున్నప్పుడు ఒకేసారి రెండు గేర్లు తగ్గించినచో వెనుక చక్రములు జారవచ్చును.

కనుమ దిగిన పిమ్మట లైనరు కాలిన వాసన వచ్చినచో బండిని ప్రక్కకు ఆపి ఊరకుండవలెను. తొందరపడి డ్రమ్ముపై నీళ్లు పోయరాదు. కాగిన పోత ఇనుము పగులును. క్లీనరుగా చేరిన పిల్లవాడు ముందుగా చేయు పొరపాటు ఇదియేనని ఒక వృద్ధ డ్రైవరు నాతో చెప్పెను.