రైతు బొమ్మకి మీసాలెందుకు?

అమ్మలూ, నిన్న నువ్వు గీసిన రైతు బొమ్మ చాలా బాగుంది. తలపాగా, కోరమీసాలు, భుజాన నాగలి. మరి మనింట్లో విత్తనాలు దాచేదెవరు? కలుపు తీసేదెవరు? కోతలకు పోయేదెవరు? మీ నానమ్మే కదా. రోజూ కళ్లముందు తిరిగే రైతును వదిలేసి ఆ మీసాలాయనను ఎక్కణ్ణించి పట్టుకొచ్చావు? నిన్ను తప్పుపట్టడం లేదు తల్లీ. నేను గీసినా మీసాలే వచ్చేవి. ఎందుకో చెప్తా, ఇలా కూర్చో.

ఒకసారి ‘చింతపండు’ అను. నోట్లో నీళ్లూరాయా? ఊరమని నువ్వు చెప్పలేదు. ఆ మాటా, ఆ పులుపూ నీ మెదడులో ఎప్పుడో ముడిపడిపోయాయి. పదేపదే కలిసి పనిచేసిన నాడీకణాల మధ్య లంకె గట్టిపడుతుంది. సినిమాలో, పాఠం బొమ్మలో, ఎరువుల ప్రకటనలో రైతంటే మీసాలాయనే కనబడుతుంటే ఆ ముడీ అలాగే బిగుస్తుంది. ఆడవాళ్లు వ్యవసాయం చేయలేరని నువ్వెప్పుడూ అనుకోలేదు. అయినా పెన్సిల్ అటే పోయింది. మనకు తెలియకుండా మనలో ఉండే మొగ్గు అంటే ఇదే.

శాస్త్రవేత్త బొమ్మతో ఈ సంగతి మరీ తేటగా బయటపడింది. 1966 నుంచి 1977 దాకా ఛాంబర్స్ అనే పరిశోధకుడు 4,807 మంది చిన్నపిల్లల చేత శాస్త్రవేత్త బొమ్మ గీయించి, 1983లో ఫలితాలు ప్రచురించాడు. అన్ని వేల బొమ్మల్లో ఆడవాళ్లు 28 మంది! ఆ 28 బొమ్మలూ ఆడపిల్లలు గీసినవే, మగపిల్లల్లో ఒక్కడూ గీయలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అమెరికా పిల్లలతో జరిగిన ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2018లో లెక్కతీస్తే, 1985 తర్వాత గీసిన బొమ్మల్లో ఆడవాళ్లు సగటున నూటికి 28 మంది ఉన్నారు. ఈలోగా ప్రయోగశాలల్లోకి ఆడవాళ్లు ఎక్కువగా వచ్చారు, పుస్తకాల్లో, తెరమీద కూడా కనబడసాగారు. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం గానీ, ముడి సడలుతుందన్నది ఖాయం.

అయితే ఒక్కపూట పాఠంతో సడలదు. మనలో దాగిన ఇలాంటి మొగ్గును తగ్గించడానికి అమెరికాలో తొమ్మిది ఉపాయాలు ప్రయత్నించి 2016లో ఫలితాలు చెప్పారు. అన్నీ అప్పటికప్పుడు పనిచేశాయి, కొన్ని గంటలకో రోజులకో ఏదీ మిగల్లేదు. అందుకే నా నమ్మకం ఏమిటంటే, రోజూ చూసేదీ వినేదీ మారాలి. అది మారాలంటే చూపించే చెయ్యి మారాలి.

అలా మారిన చోటు మనకు దూరమేం కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగాల్లోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. జొన్న, కొర్ర పండించేవాళ్లు, విత్తనాలకు బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచేవాళ్లు. వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు విను. పైనుంచి కిందికి చూపిస్తే అది ‘పటేల్ షాట్’. దొర గద్దె మీద కూర్చుని కూలీని చూసే చూపు. కిందినుంచి తలెత్తి చూపిస్తే చాకిరీ చేసేవాడి చూపు. ఎదురుగా, కంటికి కన్ను ఆనేట్టు పెడితే ‘సంగం షాట్’. సంగంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా!

చూపులో ఉండే ఆ ఎక్కువతక్కువలు వీళ్లకు బాగా తెలుసు. ఎందుకంటే ఆ పైచూపు కింద ఏళ్ల తరబడి నిలబడ్డవాళ్లు వీళ్లే. కూలీ మనిషిని పైనుంచి చూపించి చూపించి, ‘కూలీ అంటే చిన్నవాడు’ అన్న ముడి మన బుర్రలో ఎంతగా బిగించారో చూడు. వాళ్లు కెమెరాతో ఆగలేదు. 2008 అక్టోబరు 15న ఆ దగ్గర్లోని మాచునూర్‌లో అదే సొసైటీ సంగం రేడియో మొదలైంది. మైకు ముందు కూర్చున్నదీ ఆ ఆడవాళ్లే, మాట్లాడిందీ తమ యాసలోనే. ఆ రేడియో వింటూ పెరిగిన పిల్లకి ‘రైతు’ అనగానే ఏ గొంతు వినబడుతుందో ఊహించు.

సరే, నానమ్మ పెరట్లో బీరవిత్తులు ఎండబోస్తోంది. పెన్సిల్ తీసుకో. అరుగు మీదినుంచి గీయకు, ఆమె పక్కన పీట వేశాను, పోయి అక్కడ కూర్చో.