పాత కంప్యూటర్‌లో కంపైలర్ ఎందుకు కూలిపోతుంది?

రాయపూర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి ఒక రోజున తెలీబంధా చెరువు దగ్గర ఉంటున్న మా అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. కాలేజీలో చదువుతున్న ఆ అబ్బాయి ఎవరో పక్కన పడేసిన పాత కంప్యూటర్‌ను తెచ్చుకుని, అందులో లినక్స్ కెర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేయడానికి పూనుకున్నాడు. "బాబాయ్, నిన్న ఒక ఫైలు దగ్గర ఆగిపోయింది. ఈ రోజు ఇంకో ఫైలు దగ్గర ఆగింది. నేనే ఎక్కడో తప్పు చేస్తున్నట్టున్నాను, ఇక మానేస్తాను" అన్నాడు.

ఆ అబ్బాయి తప్పేమీ లేదు. జబ్బు ఎక్కడుందో తన మాటల్లోనే చెప్పేశాడు. అదెలాగో చూద్దాం.

మనం సి వంటి భాషలో రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. లినక్స్‌లో ఎక్కువగా వాడే జిసిసి కంపైలర్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేశారు. మీరు ఒక సెమీకోలన్ మరిచిపోతే, ఫలానా లైనులో తప్పుందని కంపైలర్ చెబుతుంది. అది దాని పని. కూలిపోవడం అంటే వేరు. తప్పులు చూపించవలసిన కంపైలరే పని మధ్యలో ఆగిపోతుంది. అలా ఆగిన ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్ దానికి పంపిన సిగ్నల్‌కు ఒక సంఖ్య ఉంటుంది. మనం గుర్తుంచుకోవలసినవి మూడు: 11, 9, 4.

సిగ్నల్ 11: తప్పుడు చిరునామా

'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని తెర మీద కనిపించేది ఇదే. కంపైలర్ మన ప్రోగ్రామును మెమరీలో పెద్ద చెట్టులా పరుచుకుంటుంది. ఏ కొమ్మ ఎక్కడుందో తెలిపే చిరునామాలు కూడా మెమరీలోనే ఉంటాయి. ఒక చిరునామాలో 2²⁰ విలువ గల బిట్ ఒక్కటి 0 నుంచి 1కి మారిందనుకోండి. ఆ చిరునామా 10,48,576 బైట్ల దూరం జరిగిపోతుంది. అక్కడ కంపైలర్‌కు చెందినదేమీ లేకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఆపేస్తుంది. అదే ఒక ఫోటోలో ఒక బిట్ మారితే ఏదో ఒక చుక్క రంగు కాస్త మారుతుంది, అంతే. అందుకే మిగతా పనులన్నీ సవ్యంగా సాగుతున్న కంప్యూటర్‌లో కూడా కంపైలర్ కూలిపోవచ్చు.

బిట్ ఎందుకు మారుతుంది? ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లోని విద్యుదావేశం. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు దాన్ని మళ్లీ నింపాలి. వేడి పెరిగితే కారడం కూడా పెరుగుతుంది. బలహీనపడిన ర్యామ్, దుమ్ము పట్టిన ఫ్యాను, మే నెల ఎండ, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇది పాత యంత్రాలకే వచ్చే జబ్బు కూడా కాదు. 2017లో కొత్తగా వచ్చిన ఎఎండి రైజెన్ ప్రాసెసర్లలో కొన్ని, లినక్స్‌లో ఒకేసారి చాలా ఫైళ్లు కంపైల్ చేస్తుంటే ఇలాగే తడబడ్డాయి. ఆ సమస్య ఉన్నట్టు కంపెనీ ఒప్పుకుంది.

సిగ్నల్ 9: చోటు చాలలేదు

'కిల్డ్' అన్న ఒక్క మాట కనిపిస్తే ర్యామ్ నిండిపోయిందేమోనని అనుమానించాలి. మేక్‌కు జె4 అని చెబితే నాలుగు ఫైళ్లు ఒకేసారి కంపైల్ అవుతాయి. పెద్ద సి++ ఫైలు ఒక్కటే ఒక జిబి దాకా తినేయవచ్చు. చోటు లేనప్పుడు కెర్నెల్ ఎక్కువ మెమరీ వాడుతున్న ప్రోగ్రామును చంపేస్తుంది. మందు సులభం: జె1 ఇవ్వండి, హార్డ్ డిస్కులో స్వాప్ స్థలం పెంచండి. పని నెమ్మదిస్తుంది కానీ పూర్తవుతుంది.

సిగ్నల్ 4: తెలియని ఆదేశం

'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని వస్తే సాధారణంగా ఆ కంపైలర్‌నే కొత్త ప్రాసెసర్ కోసం తయారుచేశారని అర్థం. ఉదాహరణకు ఎస్‌ఎస్‌ఇ2 ఆదేశాలు 2000లో పెంటియం 4తో వచ్చాయి. పెంటియం 3కి అవి తెలియవు. మీ ప్రాసెసర్‌కు తగిన పాత కూర్పును వాడండి.

అసలు పరీక్ష

ఏమీ మార్చకుండా అదే పనిని మళ్లీ చేయించండి. ప్రతిసారీ అదే ఫైలు, అదే లైను దగ్గర ఆగితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కావచ్చు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే అనుమానించవలసింది యంత్రాన్నే. జిసిసి కొన్ని కూర్పులు తామే మళ్లీ ప్రయత్నించి, తప్పు తిరిగి రాకపోతే ఇది హార్డ్‌వేర్ దోషం కావచ్చునని చెబుతాయి కూడా. ఒక జాగ్రత్త: డిస్కు నుంచి చదివిన ఫైలు కొంతసేపు ర్యామ్‌లోనే నిలిచి ఉంటుంది. అది అక్కడే చెడితే తప్పు ప్రతిసారీ ఒకేచోట వస్తుంది. కాబట్టి కంప్యూటర్‌ను ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూడండి.

యంత్రం మీద అనుమానం కలిగితే ప్లగ్గు తీసేసి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి, ఫ్యాను దుమ్ము దులపండి. ర్యామ్ స్టిక్కులను తీసి, మళ్లీ గట్టిగా అమర్చండి. తర్వాత మెమ్‌టెస్ట్86+ను రాత్రంతా నడపండి. అది ర్యామ్‌లో రకరకాల అంకెల వరుసలు రాసి, తిరిగి చదివి పోల్చి చూస్తుంది. తప్పు ఒక్కటి దొరికినా చాలు. అప్పుడు ఒక్కో స్టిక్కునే ఉంచి పరీక్షించండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే జబ్బు దేనివల్ల తగ్గిందో తెలియదు.

మా అబ్బాయి ఇదే వరుసలో వెళ్లాడు. రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి చెడిపోయిందని తేలింది. దాన్ని తీసేసి, మిగిలిన ఒక్క జిబితోనే రాత్రంతా కంపైల్ చేయించాడు. తెల్లవారేసరికి కెర్నెల్ సిద్ధమైంది.

"మరి ఇన్నాళ్లూ నేను ఆ కంప్యూటర్‌లో దాచుకున్న ఫైళ్ల సంగతేమిటి బాబాయ్?" అని అడిగాడు. మంచి ప్రశ్న. చెడిన ర్యామ్ గుండా వెళ్లిన ప్రతి ఫైలునూ మళ్లీ సరిచూసుకోవలసిందే. ఫోటో, ప్రాజెక్టు రిపోర్టు చెడినా నోరు విప్పవు. కంపైలర్ కూలిపోయింది కాబట్టే ఆ సంగతి బయటపడింది.