ధర్మం కోసం పెట్టిన కార్ఖానా

బాలానగర్, జీడిమెట్ల లేత్ షాపుల్లోనూ, ఐటీఐ వర్క్‌షాపుల్లోనూ ‘మిటుటోయో’ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. మిల్లీమీటరులో నూరో వంతు తేడాను పట్టిచ్చే మైక్రోమీటర్ల మీద, వెర్నియర్ కాలిపర్ల మీద కనిపించే పేరది. టర్నర్, ఫిట్టర్ ట్రేడుల కుర్రాళ్లు ఆ పరికరాన్ని ఎంతో జాగ్రత్తగా అందుకుంటారు. ఆ కంపెనీ పుట్టడానికి బుద్ధుడి బోధను నలుగురికీ చేర్చాలన్న తపన కారణమని వాళ్లలో ఎందరికి తెలుసు?

స్థాపకుడు యెహాన్ నుమాటా. 1897లో జపాన్‌లోని హిరోషిమా ప్రాంతంలో, బౌద్ధ ఆలయాన్ని చూసుకునే ఇంట పుట్టాడు. వాళ్లది జోదో షిన్షు సంప్రదాయం, అంటే అమితాభ బుద్ధుణ్ని నమ్ముకున్నవాళ్లు. ఆ సంప్రదాయం గురువులుగా కొలిచే ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడు నాగార్జునుడు. మన శ్రీపర్వతంతో పేరు ముడిపడిన ఆ నాగార్జునుడే.

యువకుడిగా నుమాటా అమెరికా వెళ్లాడు. పని చేసుకుంటూ చదివాడు, క్షయ బారిన పడి కోలుకున్నాడు, చివరికి బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. జపాన్‌వాళ్లంటే అక్కడి పడమటి తీరంలో పగ రగులుతున్న కాలమది. 1924 వలస చట్టం జపాన్ నుంచి వచ్చేవాళ్లకు తలుపులు మూసేసింది. ఆ మరుసటి ఏడే ఈ విద్యార్థి ‘ది పసిఫిక్ వరల్డ్’ అనే పత్రిక మొదలుపెట్టాడు. మహాసముద్రానికి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఒకరినొకరు తెలుసుకోవాలని, అందుకు బౌద్ధం దారి చూపుతుందని అతని నమ్మకం. అవమానానికి పత్రికతో బదులు చెప్పడమన్నది నన్ను బాగా కదిలించిన విషయం. కానీ పత్రికకు కాగితం కావాలి, అచ్చుకూలి కావాలి. విద్యార్థి జేబు ఎంతకాలం మోస్తుంది? నాలుగేళ్లు తిరిగేసరికి ఆగిపోయింది.

నుమాటా జీవితం మలుపు తిరిగింది ఇక్కడే. ధర్మప్రచారానికి ఎవరి ముందూ చెయ్యి చాపకూడదు, దానికి కావలసిన డబ్బు తానే సంపాదించాలి అని తేల్చుకున్నాడు. జపాన్ తిరిగి వచ్చి కొన్నాళ్లు ప్రభుత్వ కొలువు చేసి, 1934లో మైక్రోమీటర్ల తయారీకి పూనుకున్నాడు. అప్పట్లో జపాన్‌లో ఆ పరికరాలు చాలావరకు దిగుమతి సరుకే. వ్యాపారంలో గడించి, వయసు మళ్లాక దానధర్మాల వైపు తిరిగినవాళ్లు మనకు కొత్త కాదు. నుమాటా విషయంలో దానం చెయ్యాలన్న కోరిక ముందు పుట్టింది, కార్ఖానా దాని కోసం వచ్చింది. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఈ వరసలో ఉంది.

యుద్ధం వచ్చింది, పోయింది. కంపెనీ నిలదొక్కుకుంది. 1965లో, 68 ఏళ్ల వయసులో, ఆయన ‘బుక్క్యో దెండో క్యోకాయ్’ అనే బౌద్ధ ధర్మప్రచార సంస్థను స్థాపించాడు. పత్రిక ఆగిపోయి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. అన్నాళ్లూ ఒక సంకల్పాన్ని ఆరిపోకుండా కాపాడుకోవడం మామూలు సంగతి కాదు.

హోటల్ గదుల్లో బైబిల్ ఉంచే అలవాటు చాలా దేశాల్లో ఉంది. ఈ సంస్థ ఆ పక్కనే ‘ది టీచింగ్ ఆఫ్ బుద్ధ’ అనే చిన్న పుస్తకాన్ని ఉంచసాగింది. సూత్రాల సారాన్ని తేలిక మాటల్లో చెప్పే ఆ పుస్తకం 40కి పైగా భాషల్లోకి వెళ్లింది. ఏ ఊరి ప్రయాణికుడో, నిద్రపట్టని రాత్రి, సొరుగు తెరిస్తే చేతికి అందుతుంది. చదవమని బలవంతపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. హార్వర్డ్, షికాగో, బర్కిలీ వంటి విశ్వవిద్యాలయాల్లో బౌద్ధ అధ్యయనాలకు నుమాటా పేరుతో ఆచార్య పదవులు ఏర్పడ్డాయి. జర్మనీలోని డ్యూసెల్‌డోర్ఫ్‌లో ఆలయంతో కూడిన జపాన్ సంస్కృతి కేంద్రం వెలిసింది.

వీటన్నిటికన్నా పెద్దది 1982లో మొదలైంది. జపాన్‌లో 1924–1934 మధ్య తకాకుసు జున్‌జిరో, వతనాబే కైగ్యోకుల ఆధ్వర్యంలో తైషో త్రిపిటకం నూరు సంపుటాలుగా వెలువడింది. భారతదేశం నుంచి చైనా భాషలోకి వెళ్లిన సూత్రాలు, శాస్త్రాలు, వాటిపై తూర్పు ఆసియా పండితులు రాసిన వ్యాఖ్యానాలు అందులో ఉన్నాయి. సంస్కృత మూలాలు నశించిన గ్రంథాలు ఎన్నో ఆ చైనా అనువాదాల్లోనే బతికాయి. దాన్నంతా ఇంగ్లీషులోకి తేవాలని నుమాటా పండితులను సమావేశపరిచాడు. తొలి విడతకే 139 గ్రంథాలు ఎంచారు, వాటికి నూరు సంపుటాలు పడతాయని లెక్క వేశారు. అప్పటికి ఆయనకు 84 ఏళ్లు. పూర్తయిన పనిని తాను చూడనని తెలిసే మొదలుపెట్టాడు. 1994లో కన్నుమూశాడు. ఆ తర్వాతా సంపుటాలు వెలువడ్డాయి.

ఈ కథలో దాచకూడని చేదు ఒకటుంది. స్థాపకుడు పోయిన పన్నెండేళ్లకు, 2006లో, అణు పరిశ్రమలో వాడుకునే వీలున్న కొలత యంత్రాలను చట్టవిరుద్ధంగా ఎగుమతి చేశారన్న కేసులో మిటుటోయో ఉన్నతాధికారులు అరెస్టయ్యారు. ధర్మం కోసం పుట్టిన సంస్థ పేరు ఇలాంటి కేసులో వినబడటం బాధాకరం. ఆశయం స్థాపకుడితో పాటు వచ్చినంత మాత్రాన వారసత్వంగా దానంతటదే దిగదు. పుస్తకాల విలువ మాత్రం దీనివల్ల తగ్గదు.

ఆ పుస్తకాల్లో మనవాళ్లు ఉన్నారు. అనువాదకుడు కుమారజీవుడి పేరుతో చైనాలో నిలిచిన నాగార్జునుడి జీవితకథ ఉంది. 7వ శతాబ్దంలో తెలుగు నేల మీద నడిచిన చైనా భిక్షువు షువాన్‌జాంగ్ యాత్రా గ్రంథం ఉంది. ఆంధ్ర దేశంలో ఒంటరి కొండ మీది స్తూపం దగ్గర దిఙ్నాగుడు తర్కశాస్త్రం రచించాడని అందులో కనబడుతుంది. ధాన్యకటకంలో ఆరామాలు చాలా పాడుబడి, ఇరవై దాకా మాత్రమే మిగిలాయనీ ఉంది. శిష్యులు రాసిన షువాన్‌జాంగ్ జీవితచరిత్ర మరో ముచ్చట చెబుతుంది. ధాన్యకటకంలో సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర షువాన్‌జాంగ్ కొన్ని నెలలు ఉండి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడట. బదులుగా వాళ్లకు మహాయాన శాస్త్రాలు చెప్పాడట. ఈ రెండు గ్రంథాలకూ లి రోంగ్‌షి చేసిన ఇంగ్లీషు అనువాదాలు నుమాటా మొదలుపెట్టిన వరసలోనే వచ్చాయి. నుమాటా ధర్మప్రచార సంస్థకు అమెరికాలో ఉన్న విభాగం తన సైట్‌లో వాటిని ఉచితంగా ఇస్తోంది. అమరావతి, నాగార్జునకొండ, బావికొండ చూసి వచ్చిన పిల్లలకు ఇవి తెలుగులో అందాలి. చైనా మూలాన్ని నేరుగా చదివి తెలుగు చెయ్యగల ఒక్క యువ పండితుడికి పదేళ్లు జీతమివ్వగల వ్యాపారులు మన ఊళ్లలో లేరా? హైదరాబాద్, విశాఖ, డల్లాస్, ఎక్కడైనా ఉండొచ్చు. ఆ పని మొదలుపెట్టడానికి అంతకన్నా పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు.