ఎడారి నగరంలో తుమ్ముల ఋతువు

ఎడారిగాలి పొడిగా ఉండును గనుక అక్కడ తుమ్ములు, జలుబు ఉండవని పలువురి నమ్మకం. జోధ్‌పూర్ నగరవాసుల అనుభవం వేరు. ఇసుకమేటలను ఆపుటకు నాటించిన సర్కారు తుమ్మను అచ్చటి సంస్థానాధీశుడు 1940లో రాజవృక్షంగా ప్రకటించెను. మన చెరువుగట్లపై పెరిగేదీ ఆ చెట్టే. పూతకాలంలో దాని పుప్పొడి గాలిలో చేరి తుమ్ములు, కండ్ల దురద, కొందరికి ఉబ్బసం కలిగించును.

నిదాన పరివర్జనం, అనగా కారణమునకు దూరముగా ఉండుటయే, ప్రథమ చికిత్స. ఆ దినములలో కిటికీలు మూయవలెను. బయటినుండి రాగానే ముఖం, కాళ్లుచేతులు కడుగవలెను. ఉతికిన బట్టలు ఇంటిలోపలే ఆరవేయవలెను. చిటికెనవ్రేలితో ముక్కు లోపల నువ్వులనూనె పలుచగా రాయుట మేలు.

ఆయాసం, పిల్లికూతలు ఉన్నవారు మాత్రం వైద్యుడిచ్చిన పీల్చే మందును మానరాదు. ఇంటివైద్యం దానికి తోడే గాని బదులు కాదు.