జగన్నాథుడికి జ్వరం.. ఆ 15 రోజులూ పూరీలో పూజలన్నీ మూడు బొమ్మలకే! ఎందుకో తెలుసా?

పూరీ దాకా వెళ్లి, క్యూలో నిలబడి, తీరా గుడి లోపలికి చేరాక జగన్నాథుడు కనిపించకపోతే ఎలా ఉంటుంది? జ్యేష్ఠ పూర్ణిమ తర్వాత, రథయాత్రకు ముందు అక్కడికి వెళ్లిన వాళ్లకు ఎదురయ్యేది ఇదే. కళ్లెదుట వెదురు తడిక ఒకటి కనిపిస్తుంది. అక్కడ గుడ్డ మీద వేసిన మూడు బొమ్మలు వేలాడుతుంటాయి. పూజలు, హారతులు అన్నీ వాటికే. వాటినే 'అనసర పటి' అంటారు. విషయం తెలియని వాళ్లు 'అయ్యో, దర్శనం కాలేదే' అని వెనక్కి వచ్చేస్తారు. నిజానికి దర్శనం అయినట్టే!

అసలేం జరుగుతుందంటే.. జ్యేష్ఠ పూర్ణిమను పూరీలో స్నాన పూర్ణిమ అంటారు. ఆ రోజు విగ్రహాలను స్నాన మండపానికి తీసుకొచ్చి 108 కుండల నీళ్లతో అభిషేకం చేస్తారు. ఇందులో జగన్నాథుడికి 35, బలభద్రుడికి 33, సుభద్రకు 22, సుదర్శనుడికి 18 కుండలు. అంత నీళ్లు పోశాక స్వామికి జ్వరం వస్తుందని నమ్మకం. ఇక 15 రోజులు ఏకాంతమే. దైతాపతులు అనే సేవకులు మాత్రమే దగ్గరుండి మూలికా తైలం రాస్తారు, మందు ఇస్తారు. దీన్నే అనసర అంటారు. నవకళేబరం జరిగిన 2015లో అయితే ఇది ఏకంగా 45 రోజులు సాగింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ విగ్రహాలు వేప చెక్కతో చేసినవి, పైన రంగులు పూసినవి. అన్ని కుండల నీళ్లు పడితే రంగు నిలుస్తుందా? మళ్లీ పూయడానికి సమయం కావాలి కదా.

చెక్కలో లేని చేతులు.. బొమ్మలో ఎలా వచ్చాయి?

పటాలను దగ్గరగా చూస్తే ఒక్క క్షణం తికమక పడతారు. మనకు తెలిసిన పూరీ జగన్నాథుడికి గుండ్రటి పెద్ద కళ్లు, మొండి చేతులు. పాదాలు ఉండవు. ఈ బొమ్మలో మాత్రం నాలుగు చేతులతో, పద్మాసనంలో కూర్చున్న నల్లని నారాయణుడు ఉంటాడు. చేతుల్లో శంఖం, చక్రం, గద, పద్మం. తెల్లని ఒంటితో నాగలి పట్టుకుని ఉంటే బలభద్రుడు. పసుపు రంగులో ఉన్నది సుభద్ర, ఆమెను భువనేశ్వరి రూపంలో గీస్తారు. అంటే గీసేది విగ్రహానికి నకలు కాదు, ఆ విగ్రహంలో భక్తుడు ఏ దేవుణ్ని చూస్తున్నాడో ఆ దేవుణ్ని. నలుపు, తెలుపు, పసుపు మాత్రం మారవు. ఎవరు ఎవరో చెప్పేది ఆ రంగే. చిత్రకారుడు తన ఇష్టానికి మార్చేస్తే అది పూజకు పనికిరాదు.

వీటిని ఎవరు పడితే వాళ్లు గీయకూడదు. తరతరాలుగా ఆ సేవ చేస్తున్న చిత్రకార కుటుంబాల వాళ్లే గీయాలి. పని నడిచినన్ని రోజులూ ఒంటిపూట భోజనం, నేల మీద పడక. నూలుగుడ్డను చింతగింజల జిగురుతో అతికిస్తారు. సుద్ద పూసి ఎండబెట్టి, నున్నటి రాళ్లతో రుద్దుతారు. తెలుపు శంఖం పొడి నుంచి, నలుపు దీపపు మసి నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి, పసుపు హరిదళం నుంచి వస్తాయి. రంగు పట్టి ఉండటానికి వెలగ బంక కలుపుతారు. కళ్లు మాత్రం చివర్లోనే. కళ్లు తెరిచే దాకా అది బొమ్మే, ఆ తర్వాత దేవుడు. పూజలు చేసి, చుట్టగా చుట్టి గుడికి తీసుకెళ్తారు.

ఇదే కళ పూరీకి దగ్గర్లోని రఘురాజ్‌పూర్‌లో ఇంటింటా కనిపిస్తుంది. ఒడిస్సీ గురువు కేలుచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు కూడా ఇదే. ఒకప్పుడు యాత్రికులు గుర్తుగా ఇంటికి తీసుకెళ్లే చిన్న పటాలే ఈ చిత్రకారుల బతుకుతెరువు. చవగ్గా ప్రింటు బొమ్మలు వచ్చాక అది దెబ్బతింది. 1950ల్లో అమెరికా మహిళ హలీనా జీలీ పట్టుబట్టి వీళ్లతో మళ్లీ కుంచె పట్టించారు. పటచిత్రానికి ఆ తర్వాత జీఐ గుర్తింపు కూడా వచ్చింది. అయినా గుడి ముందు దుకాణాల్లో ప్రింటు బొమ్మలకు కొదవ లేదు. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. అతికించిన గుడ్డ నేత తెలుస్తోందా, గీత సన్నగా మొదలై మధ్యలో లావై మళ్లీ సన్నబడుతోందా అన్నది గమనిస్తే చేత్తో గీసిందో కాదో చాలావరకు తెలిసిపోతుంది.

ఆ రోజుల్లో పూరీలో ఉన్నవాళ్లు చాలామంది సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని బ్రహ్మగిరి అలర్‌నాథ్ గుడికి వెళ్తారు. అక్కడున్నది కూడా నాలుగు చేతుల విష్ణువే.

ఇక అనసర చివర్లో విగ్రహాలకు కొత్తగా రంగులు వేస్తారు. రథయాత్రకు ముందు జరిగే నేత్రోత్సవంలో కళ్లు దిద్దుతారు. అప్పుడు వెదురు తడిక తీసేసి, స్వామి మళ్లీ దర్శనమిస్తాడు.